సముద్రానికి పొలిమేర

బాపట్ల తీరాన చినగంజాముకు దగ్గరగా మోటుపల్లి అనే గ్రామం ఉన్నది. ఇప్పుడు చిన్న పల్లెయే కాని, పదమూడవ శతాబ్దంలో అది కాకతీయ రాజ్యానికి ముఖ్యమైన ఓడరేవు. అక్కడి వీరభద్రాలయ మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనం ఉన్నది. దాని కాలం శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244-45. ఓడలెక్కి దేశాంతరాలకు పోయివచ్చే వర్తకులకు రాజు ఇచ్చిన అభయమే అందులోని విషయం. గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకొనేవారట. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించినాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద పోయే వారి సొత్తులో నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టబోమని మాట ఇచ్చినాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్పై వంతులలో ఒక వంతు. నూరేళ్ళు దాటిన తరువాత, 1358లో, రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడ అదే రేవులో అటువంటి అభయశాసనమే వేయించినాడు.

ఈ శాసనంలో ఉన్న మాటలతో పాటు లేని మాట ఒకటి గమనింపదగినది. రేవు తనదని రాజు అన్నాడు. సముద్రం తనదని అనలేదు. సుంకం రేవులో దిగే సరుకుకే గాని, నీటి మీద నడచిన దారికి కాదు. ఆ రోజులలో బంగాళాఖాతం శాంతినిలయమేమీ కాదు. ఓడదొంగలు ఉండేవారు. 1025 ప్రాంతంలో రాజేంద్రచోళుని నౌకాదళం శ్రీవిజయం మీదికి పోయి దాని రేవులను కొల్లగొట్టినది. అయినా అరబ్బులు, గుజరాతీలు, తెలుగువారు, తమిళులు, మలయులు తిరిగే ఆ విశాల జలమార్గంలో, నడిసముద్రాన పోయే ప్రతి ఓడ ఒకే ప్రభువు చీటీ చూపించవలెననే ఏర్పాటు పోర్చుగీసువారు వచ్చేదాకా లేదు.

సముద్రానికి పొలిమేర ఎక్కడ? ఆ పొలిమేర లోపల పరాయి ఓడకు దారి ఉన్నదా, లేదా? ఈ రెండు ప్రశ్నలు అంతర్జాతీయ న్యాయంలో నాలుగు వందల ఏళ్ళుగా నలుగుతున్నవి. గొడవ అంతా మొదటి ప్రశ్న మీదనే జరిగినట్లు పైకి కనబడుతుంది. కాని చరిత్ర చూస్తే, రెండవ దానికి సమాధానం కుదిరేదాకా మొదటిది తెగలేదు.

1493లో పోపు ఆజ్ఞాపత్రంతోను, మరుసటి ఏడు టోర్డెసిల్లాస్ ఒడంబడికతోను స్పెయిను, పోర్చుగల్ రాజులు క్రొత్తగా కనుగొనే ప్రపంచాన్నంతా ఒక నిలువుగీతతో పంచుకొన్నారు. కేప్ వర్డి దీవులకు పడమట 370 లీగుల దూరాన పడిన ఆ గీతకు తూర్పున ఉన్నది పోర్చుగల్ వాటా. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరిన తరువాత, ఆ దేశపు రాజు తన బిరుదావళిలో ఇథియోపియా, అరేబియా, పర్షియా, హిందూదేశాల నౌకాయానానికి, వాణిజ్యానికి ప్రభువునని కూడ చేర్చుకొన్నాడు. సంగతి బిరుదుతో ఆగిపోలేదు. హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడలు ‘కర్తాజ్’ అనే పరవానా పుచ్చుకోవలెను. పోర్చుగీసు కోట ఉన్న రేవులో ఆగి సుంకం చెల్లింపవలెను. మిరియాల వంటి సరుకులు ఎక్కింపరాదు. పరవానా లేని ఓడ పట్టుబడితే సరుకు పోయేది, ఒక్కొక్కప్పుడు ప్రాణాలు కూడ పోయేవి.

పరవానా ఉన్నంత మాత్రాన భద్రత ఉండేదని కూడ చెప్పలేము. జహంగీరు చక్రవర్తి తల్లి మరియం ఉజ్జమానీకి రహీమీ అనే పెద్ద ఓడ ఉండేది. 1613లో ఆ ఓడను, పరవానా చేతిలో ఉండగానే, పోర్చుగీసువారు సూరతు దగ్గర పట్టుకొని పోయినారు. ఉత్తర హిందూస్థానాన్నంతా ఏలే చక్రవర్తికి సముద్రం మీద జవాబు చెప్పే సాధనం లేకపోయినది. నేలమీద ఉన్న పోర్చుగీసు దమను మీదికి సేనను పంపి, ఆగ్రాలోని వారి చర్చిని మూయించి కసి తీర్చుకోవలసివచ్చినది.

పోర్చుగీసువారి ఈ దొరతనాన్ని న్యాయశాస్త్రంలో ఎదిరించిన గ్రంథం ఒక దోపిడి వ్యాజ్యం నుంచి పుట్టినది. 1603 ఫిబ్రవరిలో డచ్చి నావికాధిపతి హీంస్కెర్క్ సింగపూరు జలసంధి వద్ద ‘సాంతా కతరీనా’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకొన్నాడు. చీనా పట్టు, పింగాణి మొదలైన దాని సరుకు ఆంస్టర్‌డాంలో వేలం వేస్తే ముప్పై లక్షల గిల్డర్లకు పైగా పలికినది. ఇంత సొమ్ము న్యాయంగా తమదేనని రుజువు చేసుకోవలెనని డచ్చి ఈస్టిండియా కంపెనీవారు హ్యూగో గ్రోషియస్ అనే యువ న్యాయవాదిని ఆశ్రయించినారు. అప్పటికి అతనికి ఇరవై యొకటి, ఇరవై రెండేళ్ళు. అతడు వ్రాసిన పెద్ద గ్రంథంలోని ఒక్క ప్రకరణం మాత్రం 1609లో, రచయిత పేరు లేకుండా, ‘మారె లిబెరుం’ అనే పేరుతో వెలువడినది. స్వేచ్ఛా సముద్రమని దాని అర్థం. మిగిలిన వ్రాతప్రతి రెండున్నర శతాబ్దాలు మరుగునపడి, 1864లో బయటపడి, 1868లో అచ్చయినది.

గ్రోషియస్ వాదం తేలికగా అర్థమయ్యేదే. నేలను గట్టు పెట్టి, దున్ని స్వాధీనం చేసుకోవచ్చును. సముద్రాన్ని అట్లా పట్టి ఉంచుకోలేము. ఒక ఓడ పోయినంత మాత్రాన మరొక ఓడకు నీరు తరిగిపోదు. కాబట్టి అది అందరిదీ. పైగా తూర్పుదేశాలకు తమ రాజులు, తమ చట్టాలు ఉన్నవి. పోపు తనది కాని సొత్తును పోర్చుగీసువారికి దానం చేయజాలడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన అలెగ్జాండ్రోవిచ్ అనే పండితుడు 1967లో ప్రచురించిన గ్రంథంలో, హిందూ మహాసముద్రంలో వెనుకటి నుంచి సాగుతున్న స్వేచ్ఛా వర్తక సంప్రదాయమే గ్రోషియస్ వాదానికి బలమిచ్చినదని ప్రతిపాదించినాడు. దీనిని ఒప్పుకోనివారున్నారు. ఏమైనా ఆ సంప్రదాయం గ్రోషియస్ కంటె పాతదనడానికి మోటుపల్లి స్తంభమే సాక్ష్యం.

డచ్చివారు తమ మాట మీద ఎంతకాలం నిలబడినారు? 1605-06 నాటికి వారు మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకొన్నారు. తూర్పున సుగంధద్రవ్యాల దీవులలో మాత్రం అక్కడి రాజులతో ఒడంబడికలు వ్రాయించుకొని, తమకు తప్ప పరులకు సరుకు అమ్మరాదన్నారు. 1613లో ఈ తగవు పరిష్కారానికి లండనులో సంప్రదింపులు జరిగినప్పుడు డచ్చి పక్షాన వచ్చిన వారిలో గ్రోషియస్ ఒకడు. ఇంగ్లీషువారు ‘మారె లిబెరుం’లోని వాదాన్నే తెచ్చి అతని ఎదుట పెట్టినారు. సముద్రం స్వేచ్ఛ గలదే, కాని చేసుకొన్న ఒప్పందాన్ని తప్పరాదు కదా అని గ్రోషియస్ సమర్థించుకోవలసివచ్చినది. తన వ్రాత తనకే ఎదురు తిరగడం న్యాయవాదులకు కొత్త కాదు.

ఇంగ్లీషువారు మాత్రం నిలకడగా ఉన్నారా అంటే అదీ లేదు. తూర్పు సముద్రం స్వేచ్ఛగా ఉండవలెనన్నవారే తమ తీరాన డచ్చివారు హెర్రింగు చేపలు పడుతుంటే సహించలేకపోయినారు. వెల్వుడ్ అనే స్కాటిష్ పండితుడు 1613లో గ్రోషియస్‌కు బదులు చెపుతూ, ఓడ పోతే నీరు తరగదు గాని వల వేస్తే చేప తరుగుతుందని ఎత్తిచూపినాడు. ఈ చిన్న ఆక్షేపణలో ఉన్న సత్యం ఇరవైయవ శతాబ్దంలో గాని పూర్తిగా బయటపడలేదు. తరువాత 1635లో జాన్ సెల్డెన్ గ్రంథాన్ని మొదటి చార్లెస్ రాజు ఆజ్ఞతో అచ్చువేసినారు. సముద్రం కూడ నేలవలె సొంతం కాగలదని, ఇంగ్లండు చుట్టూ ఉన్న సముద్రం ఇంగ్లండు రాజుదేనని దాని సారాంశం.

ఈ రెండు వాదాలకు మధ్య దారి చూపినవాడు బింకర్షూక్ అనే మరొక డచ్చి న్యాయశాస్త్రజ్ఞుడు. ఒడ్డు మీద నిలిచి ఆయుధబలంతో ఎంతదూరం అదుపు చేయగలరో అంతదూరమే రాజ్యాధికారమని అతడు 1702లో వ్రాసినాడు. అప్పటి ఆయుధమంటే ఫిరంగి. ఫిరంగిగుండు పడే దూరమే సముద్రపు పొలిమేర అయినది. 1782లో నేపుల్సుకు చెందిన గలియానీ దీనిని మూడు మైళ్ళుగా లెక్క కట్టినాడు. ఇక్కడ మైలంటే రోడ్డు మీది మైలు కాదు. 1852 మీటర్ల నాటికల్ మైలు, భూమి అక్షాంశంలో ఒక కలకు సరిపడే దూరం. మూడు మైళ్ళంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు.

అప్పటి ఫిరంగులు మూడు మైళ్ళు కొట్టేవని చాలా పుస్తకాలలో వ్రాసినారు. అది నమ్మదగిన మాట కాదు. సామాన్యంగా ఆ కాలపు ఫిరంగులకు అంత పల్లా లేదు. అసలు కథ వేరు. దక్షిణ యూరపు దేశాలు ఫిరంగి కొలతను పాటించేవి. ఉత్తరాన స్కాండినేవియా రాజ్యాలు ఫిరంగి ఉన్నా లేకున్నా తీరం పొడుగునా ఒకే వెడల్పు గల నీటిపట్టీని తమదనేవి. డెన్మార్కు-నార్వే రాజ్యం 1745లో ఆ వెడల్పు ఒక లీగని నిర్ణయించినది. వారి లీగు నాలుగు మైళ్ళు, ఇతరుల లీగు మూడు మైళ్ళు. ఈ రెండు పద్ధతులూ కలిసిపోయి, లీగు దూరానికి ఫిరంగి పేరు అంటుకొన్నది. 1793లో ఇంగ్లండు, ఫ్రాన్సు పోరాడుతూ ఉండగా తటస్థంగా ఉన్న అమెరికా తరపున జెఫర్సన్ ఆ రెండు దేశాల రాయబారులకు లేఖలు వ్రాసినాడు. తాత్కాలికంగా ఒక లీగు, అనగా మూడు మైళ్ళు, తమ పొలిమేరగా ఎంచుతామన్నాడు. తాత్కాలికమన్న మాట నూట తొంభై ఏళ్ళకు పైగా నిలిచినది. అమెరికా తన ప్రాదేశిక సముద్రాన్ని పన్నెండు మైళ్ళకు పెంచినది 1988లో.

పొలిమేర గీసినంత మాత్రాన దాని లోపల ఏ చట్టం నడుస్తుందో తేలలేదు. 1876 ఫిబ్రవరిలో డోవరు దగ్గర, తీరానికి మూడు మైళ్ళ లోపల, జర్మనీవారి ‘ఫ్రాంకోనియా’ అనే ఓడ బొంబాయికి బయలుదేరిన ‘స్ట్రాత్‌క్లైడ్’ అనే బ్రిటిషు ఓడను గుద్ది ముంచివేసినది. ప్రయాణికులు మునిగి చనిపోయినారు. జర్మను కెప్టెనును ఇంగ్లీషు కోర్టు శిక్షింపవచ్చునా? పదముగ్గురు న్యాయమూర్తులలో ఏడుగురు కాదన్నారు, ఆరుగురు ఔనన్నారు. పార్లమెంటు చట్టం లేనిదే ఇంగ్లీషు కోర్టు అధికారం ఆటుపోటు నీటి అంచుతో ఆగిపోతుందని తీర్పు. సముద్రాలన్నీ మావని పాడుకొనే దేశానికి గుమ్మం ముందటి నీటి మీద అధికారం లేదని సొంత కోర్టే చెప్పినది! రెండేళ్ళకే, 1878లో, పార్లమెంటు ఆ లోటును చట్టంతో పూడ్చినది.

పందొమ్మిదో శతాబ్దంలో మూడు మైళ్ళ నియమం బలంగా నిలిచినదంటే దాని వెనుక బ్రిటిషు నౌకాబలం ఉన్నది. పెద్ద నౌకాదళం గల దేశానికి ఇతరుల పొలిమేర ఎంత సన్నగా ఉంటే అంత మేలు. చిన్నదేశాలకు ఇది ఎప్పుడూ పూర్తిగా రుచించలేదు. 1930లో హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు మూడా, నాలుగా, ఆరా, పన్నెండా అని తేల్చుకోలేక విడిపోయినవి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన నెలలోనే కట్ట తెగినది. తెంచినది అమెరికాయే. తీరం నుంచి సముద్రం క్రింద మెల్లగా వాలుతూ పోయే నేలను ఖండతీరపు అంచు అంటారు. దానిలోని చమురు మొదలైన సంపద తమదని అధ్యక్షుడు ట్రూమన్ 1945 సెప్టెంబరు 28న ప్రకటించినాడు; పైనున్న నీరు మాత్రం స్వేచ్ఛా సముద్రమేనన్నాడు. చిలీ, పెరూ దేశాలకు అటువంటి అంచు చాలా సన్నం. చమురుకు బదులు వారికి చేపలున్నవి. కనుక 1947లో ఆ రెండు దేశాలు 200 మైళ్ళ సముద్రం తమదన్నవి. ఉత్తుత్తి మాట కాదని 1954లో తెలిసినది. గ్రీకు ఓడల యజమాని ఒనాసిస్ పంపిన తిమింగిలాల వేట ఓడలను పెరూ నౌకాదళం పట్టుకొని, ముప్పై లక్షల డాలర్ల జుల్మానా వసూలు చేసినది.

అదే కాలంలో దారి ప్రశ్న మీద ముఖ్యమైన తీర్పు వచ్చినది. 1946 అక్టోబరులో గ్రీసు, అల్బేనియాల మధ్య కోర్ఫూ జలసంధిలో రెండు బ్రిటిషు యుద్ధనౌకలు మందుపాతరలకు తగిలి 44 మంది నావికులు చనిపోయినారు. అంతర్జాతీయ న్యాయస్థానం 1949లో చెప్పిన తీర్పు ప్రకారం, రెండు మహాసముద్ర భాగాలను కలిపే జలసంధిలో శాంతికాలంలో యుద్ధనౌకలు కూడ తీరదేశం అనుమతి అడగకుండా, ఎవరికీ హాని చేయకుండా దాటిపోవచ్చును. ఆ తరువాత బ్రిటన్ తనంతట తానే వచ్చి అక్కడి మందుపాతరలు ఏరివేయడం మాత్రం అల్బేనియా సార్వభౌమత్వానికి భంగమని కూడ ఆ తీర్పే చెప్పినది. దాటిపోవడానికి హక్కు ఉన్నది, నిలిచి పెత్తనం చేయడానికి లేదు.

1958లో జెనీవాలో 86 దేశాలు కూడి సముద్రన్యాయం మీద నాలుగు ఒడంబడికలు చేసుకొన్నవి. వెడల్పు మాత్రం తేలలేదు. 1960లో మళ్ళీ కూడినారు. ఆరు మైళ్ళ ప్రాదేశిక సముద్రం, దానిపైన మరి ఆరు మైళ్ళు చేపల హక్కు అనే ప్రతిపాదనకు అనుకూలంగా 54 ఓట్లు, వ్యతిరేకంగా 28 వచ్చినవి. కావలసినది మూడింట రెండు వంతులు. ఒక్క ఓటు తక్కువై ప్రతిపాదన పడిపోయినది.

మన దేశం ఈలోగా ఊరుకోలేదు. బ్రిటిషువారి నుంచి వచ్చిన మూడు మైళ్ళను 1956లో ఆరుగాను, 1967లో పన్నెండుగాను రాష్ట్రపతి ప్రకటనలు పెంచినవి. 1976లో పార్లమెంటు చేసిన చట్టం పన్నెండు మైళ్ళ ప్రాదేశిక సముద్రాన్ని, 200 మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలాన్ని స్థిరపరచినది. అప్పటికే ఐస్‌లాండు తన చేపల కోసం నాలుగు, పన్నెండు, యాభై, రెండు వందలని మెట్లు మెట్లుగా పెంచుకొంటూ పోయి బ్రిటన్‌తో తగవు పడుతున్నది. ఇద్దరూ ఒకే సైనిక కూటమిలోనివారే. అయినా వలలు కోసుకొన్నారు, పడవలు గుద్దుకొన్నారు. 1976లో గెలిచినది ఐస్‌లాండు.

పెద్ద దేశాలు పన్నెండు మైళ్ళకు జంకడానికి కారణం చిన్న కూడికలో ఉన్నది. రెండు ఒడ్డులకూ మూడేసి మైళ్ళే పొలిమేర అయితే, ఆరు మైళ్ళకు మించిన ప్రతి జలసంధి నడుమ స్వేచ్ఛా సముద్రం మిగులుతుంది. పన్నెండేసి అయితే ఇరవై నాలుగు మైళ్ళ లోపు వెడల్పు గల జలసంధి పూర్తిగా తీరదేశాల పాలవుతుంది. హొర్ముజ్ ఇరుకైన చోట సుమారు 21 మైళ్ళే. జిబ్రాల్టరు ఎనిమిది మైళ్ళయినా లేదు. ఇట్లా నూరుకు పైగా జలసంధులు మూతపడే ప్రమాదం కనబడినది.

తొమ్మిదేళ్ళ సంప్రదింపుల తరువాత 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఈ చిక్కును విప్పినది. మామూలు ప్రాదేశిక సముద్రంలో పరాయి ఓడకు ఉన్నది నిరపాయ గమనం. అనగా తీరదేశపు శాంతికి, భద్రతకు భంగం లేకుండా ఆగకుండా పోవడం. జలాంతర్గామి అయితే పైకి తేలి తన జెండా చూపవలెను. విమానాలకు ఆ హక్కు లేదు. అంతర్జాతీయ జలసంధులలో మాత్రం ఇంతకంటె విస్తృతమైన హక్కు ఇచ్చినారు. అక్కడ ఓడలు, విమానాలు కూడ ఆటంకం లేకుండా దాటవచ్చును. తీరదేశం ఆ దారిని కొంతకాలమైనా మూయరాదు. ఈ దారి దొరికిన తరువాతనే పన్నెండు మైళ్ళకు అందరూ తల ఊపినారు. 200 మైళ్ళ మండలంలో చేపలు, చమురు తీరదేశానివి, నౌకాయానం అందరిది. ఒడంబడిక 1994లో అమలులోకి వచ్చినది. భారతదేశం 1995లో ధ్రువీకరించినది. అమెరికా మాత్రం ధ్రువీకరించలేదు, కాని నౌకాయాన నియమాలను ఆచారంగా పాటిస్తామంటుంది.

కుదిరిన చోట కూడ అతుకులు కనబడుతూనే ఉన్నవి. మన 1976 చట్టం ప్రకారం విదేశీ యుద్ధనౌక మన పన్నెండు మైళ్ళలోకి రావలెనంటే ముందుగా తెలియజేయవలెను. ఆర్థిక మండలంలో అనుమతి లేకుండా సైనిక విన్యాసాలు చేయరాదని కూడ భారతదేశం అంటుంది. అమెరికా రెండింటినీ ఒప్పుకోదు. 2021 ఏప్రిల్‌లో దాని యుద్ధనౌక ‘జాన్ పాల్ జోన్స్’ లక్షదీవులకు పడమట 130 మైళ్ళ దూరాన, మన ఆర్థిక మండలంలో, అనుమతి కోరకుండా తిరిగి, ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించినది. భారత ప్రభుత్వం తన అభ్యంతరాన్ని తెలిపినది. ఇద్దరూ ఆధారం చేసుకొన్నది ఒకే ఒడంబడికలోని నియమాలను.

యుద్ధనౌకల తగవు కాగితాల మీద తీరవచ్చును. చేపల పడవ పొలిమేర దాటితే తిప్పలు వేరు. ఆర్థిక మండలంలో చేపల నేరానికి, దేశాల మధ్య ఒప్పందం లేనిదే, జైలుశిక్ష వేయరాదని ఒడంబడికలో స్పష్టంగా ఉన్నది. కాని ఆ రక్షణ పన్నెండు మైళ్ళ లోపలికి వర్తించదు. పైగా భారత, పాకిస్తానుల మధ్య సర్ క్రీక్ వద్ద సముద్రపు సరిహద్దు ఇంకా తేలలేదు. పని కోసం గుజరాతు రేవులకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 చివర పాకిస్తానువారికి పట్టుబడి, ఏడాదికి పైగా జైలులో ఉన్నారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరినారు. నీటి మీద గీత కనబడదు. చేప ఏ పక్కకు పోతే వల ఆ పక్కకు పోతుంది.

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20.5 మైళ్ళ దూరాన ఇటలీ చమురు ఓడ ‘ఎన్రికా లెక్సీ’ మీది సైనికులు ‘సెయింట్ ఆంటొని’ అనే చేపల పడవను ఓడదొంగలదని భ్రమించి కాల్చినారు. ఇద్దరు మత్స్యకారులు చనిపోయినారు. ఫ్రాంకోనియా నాటి ప్రశ్నయే మళ్ళీ లేచినది: శిక్షించే అధికారం ఎవరిది? పన్నెండు మైళ్ళకు ఆవల జరిగినది కనుక కేరళ రాష్ట్రానికి అధికారం లేదు, కేంద్రం ప్రత్యేక న్యాయస్థానం ఏర్పరచవచ్చునని 2013లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇటలీ ఒప్పుకోక అంతర్జాతీయ మధ్యవర్తుల న్యాయస్థానానికి పోయినది. 2020లో వెలువడిన తీర్పు ప్రకారం ఆ సైనికులు తమ ప్రభుత్వపు ఉద్యోగులు కనుక భారత కోర్టులు వారిని విచారించరాదు. అయితే ఆ తీర్పులోనే మరొక అంశం ఉన్నది. కాల్పులతో ఆ చేపల పడవ దారికి అడ్డుతగిలి, ఇటలీ నౌకాయాన స్వాతంత్ర్యాన్ని భంగపరచినదని న్యాయస్థానం తేల్చి, పరిహారం చెల్లించుమన్నది. సాంతా కతరీనా సరుకు కోసం గ్రోషియస్ వాదించిన హక్కే ఇక్కడ కొద్దిమంది కూలీల పడవకు దక్కినది. ఇటలీ పది కోట్ల రూపాయలు జమకట్టినది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు కోట్లు ఇప్పించి కేసు మూసివేసినది.